మూత్రకృచ్ఛ్రము: నాటి జ్ఞానము, నేటి వైద్యము



నేడు నేను ప్రస్తావింపబోవు విషయము నలుగురిలో ఎత్తుకొనదగినది కాదని కొందఱు తలంపవచ్చును. కాని మన ప్రాచీన వైద్యాచార్యులు దీనికి ప్రత్యేకముగ అధ్యాయములనే కేటాయించిరి. వారికి లేని సంకోచము మనకేల? మూత్రము విడుచునపుడు మంట, నొప్పి, మాటిమాటికి పోవలెననిపించుట, పోయినను బొట్టుబొట్టుగ వచ్చుట, ఈ బాధకు వారు మూత్రకృచ్ఛ్రమని పేరిడిరి. కృచ్ఛ్రమనగా కష్టము.

మన పర్చూరు సీమలో ఈ బాధకు వేఱొక మాట కలదు. "వేడి చేసినది" అందురు. మిరపచేనిలో దినమెల్ల ఎండలో వంగి కాయ కోసిన స్త్రీకి మూత్రము మండినచో, మజ్జిగయో, సబ్జాగింజల నీరో, బార్లీ జావయో ఇత్తురు. మూడు దినములు చూతురు. తగ్గనిచో మఱి మూడు దినములు చూతురు. ఈ ఆఱు దినములలో లోపల ఏమి జరుగుచుండునో తెలిసికొనుటకు మానవజాతికి అనేక శతాబ్దములు పట్టినది. ఆ చరిత్రమును క్రమముగ మనవి చేసెదను. దీనిలో మన పూర్వుల గొప్పతనము కొంత, పాశ్చాత్యుల పరిశోధనము కొంత, మన తెలుగువాని పాలు కొంత కలదు. అన్నిటిని మించి, నేటికిని మనము దిద్దుకొనవలసిన లోపమొకటి కలదు.

చరకాచార్యులు మూత్రకృచ్ఛ్రమును ఎనిమిది విధములుగ విభజించిరి. వాత పిత్త కఫములచే కలుగునవి మూడు, మూడును కలియగా కలుగునది ఒకటి; తక్కినవానిలో అశ్మరి, అనగా మూత్రమార్గమున ఏర్పడు ఱాయి వలన కలుగునది ముఖ్యము. పిత్తము వలన కలుగు దానిలో మూత్రము పచ్చబడుననియు, రక్తము కలియుననియు, మంటయు నొప్పియు ఉండుననియు, మాటిమాటికి కష్టముతో వచ్చుననియు చెప్పిరి. నేటి వైద్యుడు మూత్రాశయమున చేరిన క్రిమిదోషమునకు చెప్పు లక్షణములును ఇంచుమించు ఇవియే. వారు కంటితో చూచి, రోగి చెప్పినది విని, మఱువక వ్రాసియుంచిరి.

అంతకంటె నాకు ఆశ్చర్యము గొలుపునది వేగధారణమును గుఱించి వారు చేసిన హెచ్చరిక. వేగమనగా శరీరము తనంతట తాను పుట్టించు ప్రేరణము. ధారణమనగా దానిని బిగబట్టుట. మూత్రము వచ్చినపుడు ఆపుకొనరాదనియు, ఆపుకొన్నచో పొత్తికడుపున నొప్పియు, మూత్రకృచ్ఛ్రమును, తలనొప్పియు కలుగుననియు చరకసంహితయందు కలదు. నిలువయుండిన మూత్రమున క్రిములు పెంపొందుననియు, ఎప్పటికప్పుడు వెడలిన మూత్రము మార్గమును కడిగి క్రిములను బయటికి త్రోయుననియు నేటి శాస్త్రము చెప్పుచున్నది. కారణము తరువాతివారు కనుగొనిరి, హెచ్చరిక పూర్వులదే.

సుశ్రుతాచార్యులు మూత్రాఘాతమును, అనగా మూత్రము అడ్డగింపబడుటను వేఱుగ వర్ణించిరి. అందు వాతాష్ఠీల యను నొక భేదమున, గుదమునకును మూత్రాశయమునకును నడుమ ఱాతివలె గట్టియైన గడ్డ పుట్టి దారిని అడ్డగించుననిరి. వయసు మీఱిన పురుషులకు ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రము సన్నపడుటతో దీనిని నేటివారు పోల్చుచున్నారు. ఈ ప్రసంగము వినువారిలో అఱువది దాటినవారు చాలమంది ఉందురు గనుక ఆ మాటకు మఱల వత్తును.

తరువాతి కాలపు వైద్యులు రోగిని ఎనిమిది స్థానములందు పరీక్షించిరి: నాడి, మూత్రము, మలము, జిహ్వ, శబ్దము, స్పర్శ, నేత్రము, ఆకృతి. వేకువనే పట్టిన మూత్రముపై గడ్డిపోచతో నూనెబొట్టును విడిచి, అది వ్యాపించినచో రోగము సాధ్యమనియు, వ్యాపింపక నిలిచినచో కష్టసాధ్యమనియు, మునిగినచో అసాధ్యమనియు నిర్ణయించిరి. తైలబిందు పరీక్ష నేడు రోగనిర్ణయమునకు ప్రమాణము కాదు. ఐనను మూత్రమును చూడకయే మూత్రరోగమునకు మందియ్యరాదను నియమము మాత్రము నిలిచియున్నది. మందులలో పల్లేరును, కొండపిండిని పూర్వులు ప్రధానముగ వాడిరి. మన నల్లరేగడి చేలగట్ల మీద కాళ్లకు గ్రుచ్చుకొను పల్లేరు గోక్షురమను పేర శాస్త్రమునకెక్కినదే.

ఇంత తెలిసియు, పూర్వులకు ఒక్కటి తెలియలేదు. ఆ మంటను పుట్టించునది కంటికి కానరాని ప్రాణియని తెలియలేదు. సూక్ష్మదర్శిని లేనిదే తెలియుటకు వీలును లేదు.

1885వ సంవత్సరమున థియొడోర్ ఎషెరిక్ అను శిశువైద్యుడు పసిపిల్లల మలమును పరీక్షించుచు, పేగులలో సహజముగ నివసించు కడ్డీ ఆకారపు క్రిమి నొకదానిని వర్ణించెను. తరువాత అతని పేరనే దానికి ఎషెరికియా కోలీ యని నామకరణము జరిగినది. ఈ కోలీ క్రిములలో పెక్కు పేగులలో నున్నంతవఱకు మనకు అపకారము చేయవు. తమ చోటు విడిచి మూత్రమార్గమున ప్రవేశించినపుడే శత్రువులగును. మూత్రమార్గమున కలుగు క్రిమిదోషములలో అధికభాగము దీని వలననే అని తేలినది.

ఇక్కడ శరీరనిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను. నడుమునకు వెనుక ఇరుప్రక్కల రెండు మూత్రపిండములు రక్తమును వడగట్టును. అచటినుండి రెండు నాళములు క్రిందికి దిగి మూత్రాశయమను సంచిలో చేరును. సంచినుండి బయటికి పోవు దారి పురుషునకు సుమారు 20 సెంటీమీటర్లు, స్త్రీకి సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే. స్త్రీకి ఆ ద్వారము మలద్వారమునకు సమీపముగ నుండును. కావుననే ఈ వ్యాధి స్త్రీలకు పలురెట్లు అధికము. లోకములోని స్త్రీలలో ఇంచుమించు సగము మందికి జీవితమున ఒక్కమాఱైనను ఇది కలుగునని వైద్యులు చెప్పుచున్నారు. కాగా ఇది దేహనిర్మాణము వలన వచ్చునదే కాని, నడవడి దోషము వలన వచ్చునది కాదు.

ఈ మాటను నొక్కి చెప్పుటకు కారణము కలదు. మూత్రమున మంట అనగానే జనులు సెగరోగమును తలంతురు. సెగ సుఖవ్యాధి, దానికి కళంకము తోడు. 1879లో ఆల్బర్ట్ నైసర్ అను జర్మను వైద్యుడు సెగకు కారణమైన క్రిమిని కనుగొనెను. ఆఱేండ్లకు కోలీ క్రిమి బయటపడెను. ఆనాటితో రెండును వేఱువేఱు వ్యాధులను సంగతి స్థిరపడుటకు దారి యేర్పడినది. సూక్ష్మదర్శిని ఆ రెంటిని వేఱుచేసి నూఱేండ్లు దాటినను, మన గ్రామములలో నాలుక ఇంకను వేఱుచేయలేదు. అత్తగారు ఏమనుకొనునో, మగడు ఏమి శంకించునో అని కోడలు నోరు మెదపక బాధపడును. వేడి చేసినదనుట ఆమెకు గౌరవముగ దొరకిన ఒకేయొక సాకు. సుఖవ్యాధియే యైనను దాచదగినది కాదు, చికిత్స కలదు. కానిదానికి అగుననుకొని దాచుకొనుట మఱింత అన్యాయము.

ఈ సిగ్గు వలన కలుగు చేటును మన జిల్లాలో మొదట గుర్తించి పనిచేసినవారిలో ఒక పరదేశస్త్రీని స్మరింపవలెను. మన పర్చూరు నేడు బాపట్ల జిల్లాలో నున్నది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువఱకు గుంటూరు జిల్లాలోనిదే గనుక గుంటూరు చరిత్ర మన చరిత్రయే. 1883లో అన్నా సారా కుగ్లర్ అను అమెరికా వైద్యురాలు గుంటూరు చేరెను. ఆమెను పంపిన లూథరను సంఘమువారు మొదట వైద్యమునకు కాక, ఘోషాలోని స్త్రీలకు చదువు చెప్పుటకు నియమించిరి. ఆమె చదువు చెప్పుచునే రోగులను చూచుచుండెను. పురుషవైద్యునికి తమ బాధను చెప్పుకొనుటకంటె మరణమే మేలని భావించు స్త్రీలు ఆ కాలమున తక్కువ కాదు. 1885లో సంఘమువారు ఆమెను వైద్యసేవకే నియమించిరి. 1898లో స్త్రీలకును పిల్లలకును గుంటూరున ఆసుపత్రి తెఱవబడెను. ఆమె 1930లో గుంటూరుననే కన్నుమూసెను. ఆసుపత్రి ఆమె పేరు వహించినది. మతము మాట అటుంచి, ఒక స్త్రీ మఱియొక స్త్రీకి దేహబాధను భయములేక చెప్పుకొనుటకు తలుపొకటి తెఱచినందుకు ఈ సీమ ఆమెకు ఋణపడియున్నది.

కాని రోగి వైద్యుని చేరినను, ఆ దినములలో వైద్యుని చేతిలో ఏమి కలదు? విశ్రాంతి, అధికముగ నీరు, మూత్రమును శుద్ధిచేయునని వాడిన కొన్ని లవణములు, 19వ శతాబ్ది చివర వచ్చిన హెక్సమిన్ అను నొక మందు. క్రిమి మూత్రపిండమున కెక్కినచో దేహబలమే దిక్కు. కుగ్లర్ మరణించిన ఐదేండ్లకు, 1935లో, జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ అను శాస్త్రజ్ఞుడు ఎఱ్ఱని రంగుపదార్థ మొకటి దేహములోని కొన్ని క్రిములను అణచునని ప్రకటించెను. ప్రాంటోసిల్ దాని పేరు. అతని కుమార్తెకే చేతిలో సూది గ్రుచ్చుకొని విషమించి, చేయి తీసివేయవలెననగా, ఆ మందే కాపాడినది. దానినుండి పుట్టిన సల్ఫా మందులు కొలది కాలములోనే మూత్రమార్గ వ్యాధులకును వాడుకలోనికి వచ్చినవి. తరువాత వచ్చిన పెన్సిలిన్ అనేక రోగములను జయించినను, ఆదిలో ఈ కోలీ క్రిమిపై అంతగ పనిచేయలేదు.

ఇచ్చట మన తెలుగువాని ప్రసక్తి వచ్చును. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో చదివిరి. స్వదేశీ దీక్షతో ఖద్దరు ధరించినందున ఆచార్యుని ఆగ్రహమునకు గుఱియై, పై పట్టమునకు బదులు చిన్న పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చినది. మదరాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించిరి. పిదప అమెరికా వెళ్లి, 1940 నుండి లెడర్లీ అను ఔషధసంస్థలో పరిశోధనకు నాయకులైరి. వారి ఆధ్వర్యమున బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు, కళాశాల ఉద్యోగమునుండి విరమించిన తరువాత ఆ సంస్థలో చేరి, నేలమట్టిలోని బూజులను పరీక్షించుచు, మిసోరి రాష్ట్రములోని ఒక వ్యవసాయక్షేత్రపు మట్టినుండి బంగారువన్నె బూజు నొకదానిని వేఱుచేసెను. దానినుండి 1948లో ఆరియోమైసిన్ లోకమునకు వచ్చినది. టెట్రాసైక్లిన్ అను మందుల కుటుంబములో ఇది మొదటిది. పెన్సిలిన్‌కు లొంగని క్రిములలో పెక్కింటిపై ఇది పనిచేసెను; ఆ సంవత్సరముననే కోలీ క్రిమి వలని మూత్రదోషములందును దానిని పరీక్షించి చూచిరి. ఆ మందు వెల్లడియైన కొలది దినములకే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు పరమపదించిరి. ఆయుర్వేద విద్యార్థులకు పాఠము చెప్పినవారే క్రిమిసంహారక ఔషధముల చరిత్రలో నిలుచుట మనము గుర్తుంచుకొనదగిన విషయము.

1953లో వాడుకలోనికి వచ్చిన నైట్రోఫ్యురాంటోయిన్ అను మందు నేటికిని మూత్రాశయ దోషమునకు ఉపయోగపడుచున్నది. 1956లో బోస్టను నగరమున ఎడ్వర్డు కాస్ అను వైద్యుడు మూత్రములోని క్రిములను లెక్కించు విధానమును స్థిరపఱచెను. ఒక మిల్లీలీటరు మూత్రమున లక్షయో, అంతకు మించియో ఉన్నచో అది నిజమైన దోషమని కొలత ఏర్పడినది. గర్భవతులలో కొందఱికి ఏ బాధయు లేకయే క్రిములుండుననియు, వానిని విడిచినచో అవి మూత్రపిండముల కెక్కి తల్లికిని బిడ్డకును అపాయము తెచ్చుననియు అతని పరిశోధనములు తెలిపినవి. గర్భిణికి బాధ లేకున్నను మూత్రపరీక్ష చేయుట అందులకే. ఇట్లు కారణము, పరీక్ష, మందు మూడును మనుష్యునికి చేజిక్కినవి.

ఇక గుఱుతులు. ఇంటిపెద్దలు వీనిని నోటికి నేర్చియుంచవలెను. మూత్రము విడుచునపుడు మంట; ఆగలేని తొందర; మాటిమాటికి కొంచెము కొంచెముగ వచ్చుట; పొత్తికడుపున నొప్పి; మూత్రము మసకబాఱుట, దుర్వాసన, లేదా రక్తము. దోషము ఇంకను క్రింది సంచిలోనే యున్నదనుటకు ఇవి గుఱుతులు. ఈ దశలో వైద్యుడు మూత్రమును పరీక్షించి తగిన మందిచ్చినచో, సామాన్యముగ కొలది దినములలో నయమగును.

విడిచిపెట్టినచో? అందఱికిని విషమించునని చెప్పను. కొందఱికి తనంతట తగ్గుటయు కలదు. కాని ఎవరికి తగ్గునో, ఎవరికి పైకెక్కునో ముందుగ ఎవరును చెప్పజాలరు. క్రిమి నాళముల వెంట మూత్రపిండమును చేరినచో, వణకుతో కూడిన తీవ్రజ్వరము, నడుమునకు ప్రక్కన డొక్కలో నొప్పి, ఓకరింత, వాంతులు కలుగును. ఇక్కడనే మనవారు రెండవమాఱు మోసపోవుదురు. వణకును చూచి చలిజ్వరమందురు. నడుమునొప్పిని చూచి కోతపని బడలిక అందురు. ముందు మూత్రమున మంట యుండినదా అని అడుగువారుండరు. ఆ యొక్క ప్రశ్న అడిగినచో వైద్యునికి దారి తెలియును. అప్పటికిని ఉపేక్షించినచో మూత్రపిండమున చీము పట్టవచ్చును. మఱల మఱల వచ్చినచో, ఱాయియో అడ్డంకియో ఉన్నవారికి మూత్రపిండము మచ్చలుపడి క్షీణింపవచ్చును. క్రిమి రక్తమున కలిసినచో నాడి పడిపోయి, ఒకటి రెండు దినములలోనే ప్రాణాపాయము కలుగవచ్చును. గర్భిణికి నెలలు నిండకముందే ప్రసవము కావచ్చును.

మఱికొందఱి విషయమున ప్రత్యేకముగ మెలకువ కావలెను. మధుమేహము కలవారికి ఈ దోషము సులభముగ వచ్చి త్వరగ ముదురును. పసిబిడ్డ మంటయని చెప్పలేదు. కారణము తెలియని జ్వరము వచ్చినచో మూత్రమును పరీక్ష చేయింపవలెను. ముసలివారికి జ్వరముతోపాటు హఠాత్తుగ మతి తప్పి మాట తడబడినచో, వార్ధక్యమని విడువక వైద్యునికి చూపవలెను. వాతాష్ఠీలను గుఱించి చెప్పితిని గదా! అఱువదేండ్ల పురుషునికి ధార సన్నపడి, పోయినను ఇంకను మిగిలినట్లు తోచినచో, ఆ మిగిలిన మూత్రమే క్రిమికి నెలవగును. పురుషునికి ఈ వ్యాధి వచ్చినచో దానికి వెనుక ఏదో అడ్డంకి కలదేమో అని చూడవలెను. మూత్రము పూర్తిగ నిలిచిపోయినచో అది ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలసిన స్థితి. మనకు చీరాలలో ప్రభుత్వ ఆసుపత్రి కలదు. 1946లో గుంటూరున వైద్యకళాశాల స్థాపింపబడిన నాటినుండి అచటి పెద్దాసుపత్రిలో చికిత్సయు బోధనమును కలిసి జరుగుచున్నవి. ఎడ్లబండిపై గుంటూరు చేరవలసిన దినములు గడచినవి.

మజ్జిగను, బార్లీని, పల్లేరు కషాయమును నేను నిందించుట లేదు. నీరు ఎక్కువగ త్రాగుట మేలే. కాని ఉపశమనము వేఱు, రోగనివారణము వేఱు. మంట తగ్గినంత మాత్రమున క్రిమి పోయినదని నమ్మరాదు. మఱియొక దురాచారము ఇటీవల ప్రబలినది. ఎవరికో ఇచ్చిన బిళ్లలలో మిగిలిన నాలుగు బిళ్లలను పొరుగువారికిచ్చుట, రెండు మ్రింగి మంట తగ్గగానే మానుట. అరకొరగ దెబ్బతిన్న క్రిమి ఆ మందునకు లొంగని బలము సంపాదించును. మన దేశమున కోలీ క్రిములలో అనేకము పూర్వపు మందులకు లొంగకున్నవి. వైద్యుడు చెప్పినన్ని దినములు చెప్పినట్లు వాడవలెను. పత్తికి కొట్టు మందు మోతాదు విషయమున చూపు జాగ్రత్త మనిషికి వేయు మందు విషయమునను చూపవలెను.

ఇప్పుడు ఆ లోపము మాట. నేను ఉపాధ్యాయుడనైయున్న దినములలో, మఱుగుదొడ్డి లేని పాఠశాలలో ఆడుపిల్లలు ఉదయమునుండి సాయంకాలమువఱకు నీరు ముట్టకుండుట చూచితిని. దాహము లేక కాదు. త్రాగినచో పోవలసి వచ్చుననియే. మిరపకోతలలోను, పత్తితీతలోను స్త్రీలు చేయునది నేటికిని అదియే. కనుచూపు మేర నల్లరేగడి, చాటు లేదు, చెట్టు లేదు. ఎండలో చెమట కారును, నీరు త్రాగరు, వచ్చినదానిని బిగబట్టుదురు. చరకాచార్యులు కూడదన్న వేగధారణమును మన కూలిపద్ధతియే వారికి నిత్యవిధిగ చేసినది. రోగము వచ్చిన పిదప సిగ్గు వారి నోరు మూయును. క్రిమిని కనుగొన్నవారు కనుగొనిరి, మందు చేసినవారు చేసిరి. ఈ రెండు అడ్డంకులను తొలగించుట వైద్యుని వలన అగునది కాదు. అది మనవంటి పెద్దల పని.

చేను గలవారు కోతదినములలో గట్టున నాలుగు కఱ్ఱలు పాతి, గోనెలతోనో తడికెలతోనో చాటు కట్టింపవచ్చును. త్రాగునీటి కుండను పెట్టింపవచ్చును. నడుమ కొంతసేపు విరామమియ్యవచ్చును. దీనికగు వ్యయము ఒక మిరప టిక్కీ ధరలో ఎన్నవ వంతు? పాఠశాల సంఘములోనున్నవారు ఆడుపిల్లల మఱుగుదొడ్డికి తలుపును, నీటిని ఉన్నవో లేవో స్వయముగ పోయి చూడవచ్చును. ఇంట కోడలు ముఖము వాడియున్నచో, గృహిణిచే మెల్లగ అడిగించి, మఱునాడే వైద్యురాలియొద్దకు పంపవచ్చును. "వేడి చేసినది" అను మాట వినబడిన వెంటనే, మంట ఎన్ని దినములనుండి, జ్వరము కలదా, వణకు కలదా అని ఈ మూడు ప్రశ్నలు అడుగుట మన ఇండ్లలో ఆచారము కావలెను.

పూర్వులు ఈ రోగమును బహిరంగముగ శిష్యులకు బోధించిరి. మనమును మన ఇండ్లలో అట్లే మాటాడుదుము గాక. సెలవు.